ఏమీ జరగని ఆ పది నిమిషాలు

పోయిన పూజా సెలవుల్లో మా అక్క కొడుకు బరంపురం హాస్టల్ నుంచి పర్లాకిమిడి వచ్చి నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉన్నాడు. నా పాత ల్యాప్‌టాప్‌లో లైఫ్ ఈజ్ స్ట్రేంజ్ కనబడితే ఆడతానన్నాడు. కాలాన్ని కొంచెం వెనక్కి తిప్పగలిగే మ్యాక్స్ అనే అమ్మాయిగా ఆర్కేడియా బే అనే ఊళ్లో తిరిగే కథ అది. నాకు ప్రాణంలాంటి గేమ్, సంతోషంగా ఇచ్చి పక్కనే కూర్చున్నాను. మొదటి ఎపిసోడ్ సగం కూడా కాకముందే మొదలుపెట్టాడు, "మావయ్యా, ఇందులో ఏమీ జరగట్లేదేంటి? ఈ అమ్మాయి పోస్టర్లు చదువుకుంటూ తిరుగుతోంది, అంతే కదా" అని. రెండో ఎపిసోడ్‌కి వచ్చేసరికి ఫోన్‌లో వాక్‌త్రూ వీడియో పెట్టుకుని, ఎక్కడికి వెళ్తే కథ కదులుతుందో చూసి, తిన్నగా అక్కడికే వెళ్లడం మొదలుపెట్టాడు. మ్యాక్స్ క్లాస్‌మేట్ కేట్‌ని నవ్వులపాలు చేసే వీడియో లింక్ ఎవరో బాత్రూమ్ అద్దం మీద రాస్తే చెరపలేదు. కేట్ గదిలోకి వెళ్లాల్సిన పని ఒకటుంటుంది, అది ముగించి అటూ ఇటూ చూడకుండా బయటికొచ్చేశాడు. డైనర్‌లో కూర్చున్నప్పుడు కేట్ ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఎత్తితే పక్కనున్న మ్యాక్స్ స్నేహితురాలు క్లోయీకి కోపం వస్తుందని.

తర్వాత డాబా మీద సీన్ వచ్చింది. ఆడినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఆడనివాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసి గేమ్ ఆడి రండి, ఎందుకంటే దీని తర్వాత అన్నీ విప్పి చెప్పేస్తాను.

వర్షంలో డాబా అంచున కేట్ నిలబడి ఉంది. అప్పటిదాకా ఏ తప్పు చేసినా వెనక్కి తిప్పుకునే శక్తి మ్యాక్స్‌కి ఆ ఒక్క చోట ఉండదు. మావాడు ఏదో జవాబు ఎంచుకున్నాడు, కేట్ మొహం మారింది. ఇంకోటి ఎంచుకున్నాడు, అదీ తప్పే. బైబిల్‌లో ఏ వాక్యం గుర్తు చెయ్యాలి అన్న ప్రశ్న వచ్చింది. మత్తయి 11:28 అన్నది కేట్ గదిలో ఒకసారి చుట్టూ చూసినవాళ్లకే తెలుస్తుంది. మావాడు గుడ్డిగా నొక్కాడు. కేట్ దూకేసింది.

కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ గదిలో అన్నీ చూడాలని నాకెవరూ చెప్పలేదు కదా మావయ్యా, ఇది మోసం" అన్నాడు.

ఈ వ్యాసం వాడికి నేను అప్పుడు చెప్పలేకపోయిన జవాబు. వాడొక్కడికే కాదు, ఈ గేమ్‌ని ఇష్టపడుతూనే ఎన్నో ఏళ్లుగా తిడుతూ వస్తున్న ఫ్యాన్స్‌లో చాలామందికి కూడా.

ఒకే నోట రెండు ఫిర్యాదులు

2015లో ఈ గేమ్ ఐదు ఎపిసోడ్లుగా వచ్చింది, జనవరి 30న మొదటిది, అక్టోబర్ 20న చివరిది. అప్పటి నుంచి వినబడుతున్న విమర్శలు ముఖ్యంగా రెండు. ఒకటి, కథ నడవకుండా మధ్యలో ఊరికే తిప్పుతారు, గదులు చూడండి, పోస్టర్లు చదవండి, పది ఫొటోలు తియ్యండి అంటారు, దాంతో టెన్షన్ అంతా చచ్చిపోతుంది అని. రెండోది, అన్ని నిర్ణయాలూ మనచేత తీయించి చివరికి తుఫాను ముంచుకొస్తుంటే కాపాడేది క్లోయీనా, ఊరా అని రెండే దార్లు పెట్టారు, అంతకుముందు చేసినదానికి విలువే లేదు అని. విచిత్రమేంటంటే చాలాసార్లు ఈ రెండూ అనేది ఒకే మనిషి.

రెండో ఫిర్యాదులో ఉన్న బాధ నిజమైనదే. కానీ దానికి చెప్పే కారణం తప్పని నాకనిపిస్తుంది. ఈ గేమ్ మొదటి నాలుగు ఎపిసోడ్లలో మనకిచ్చిన మాట "నీ నిర్ణయంతో ముగింపు మారుతుంది" అని కాదు. "ఈ ఊరు నీకు తెలుస్తుంది" అని. ఎవరి గదిలో ఏముంది, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, రేచల్ ఆంబర్ కనబడటం లేదన్న పోస్టర్ ఎన్ని గోడల మీద ఉంది, ఇవన్నీ మనకి తెలిసేలా చేసింది. చివరి ఎపిసోడ్‌లో గేమ్ ఆ మాటే తప్పింది. ముగింపులు రెండే ఉండటం నాకు పెద్ద లోటు కాదు. ఆ ముగింపు దగ్గరికి మనల్ని నడవనివ్వకుండా లాక్కెళ్లడమే లోటు.

మొదటి ఫిర్యాదు చేసేవాళ్లు అడుగుతున్నది కూడా సరిగ్గా ఇదే, అంటే తిరగడం తగ్గించి కథని పరిగెత్తించమని. ఐదో ఎపిసోడ్‌లో వాళ్లు అడిగింది వాళ్లకి దొరికింది. అది దొరికాక ఎవరికీ నచ్చలేదు.

నాకు ఈ తిరుగుడు ఎందుకు అవసరమయ్యింది

కొంచెం నా సంగతి చెప్పాలి. మా ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ, వీటన్నిటి తర్వాత పుస్తకాల్లో ఇంగ్లీషు. మా ఊళ్లో ఇది మామూలే, వీధి దాటితే భాష మారుతుంది, మహేంద్రతనయ నది దాటి ఆంధ్రా వైపు పాతపట్నం వెళ్తే బోర్డులు మారతాయి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. సవర భాష నేర్చుకోవడానికి ఆయన సవరలు మాట్లాడేది కూర్చుని విన్నారని చిన్నప్పుడు మాకు చెప్పేవారు. వినడానికి టైమ్ కావాలి అన్నది మాకు కొత్త సంగతి కాదు.

2016 జూలైలో మొదటి ఎపిసోడ్ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక నేను దాన్ని రాత్రంతా డౌన్‌లోడ్ పెట్టి ఆడాను. డైలాగులు వేగంగా వెళ్లిపోయేవి. కథ జరిగే అమెరికాలోని ఒరెగాన్ కుర్రకారు మాట్లాడే ఇంగ్లీషు నాకు సగమే అందేది, సబ్‌టైటిల్ చదివేలోపు ఇంకోటి వచ్చేది. జవాబు ఎంచుకోమని నాలుగు మాటలు తెర మీద పడితే, వాటికి అర్థం తెలిసీ తెలియకుండా నొక్కిన సందర్భాలున్నాయి. సీన్ నడుస్తున్నంతసేపూ ఎవరో తరుముతున్నట్టు ఉండేది.

తిరిగేటప్పుడు అలా కాదు. మ్యాక్స్‌ని ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడుతుంది. గోడ మీద కాగితం చదవడానికి నాకు రెండు నిమిషాలు పట్టినా ఎవరూ అడగరు. తెలియని మాట ఉంటే ఫోన్‌లో చూసుకుని మళ్లీ చదివేవాణ్ని. డైరీ తెరిచి చదివేవాణ్ని. అక్కడక్కడా మ్యాక్స్‌ని ఒక చోట కూర్చోబెట్టొచ్చు, పాట వస్తూ ఉంటుంది, కెమెరా మెల్లగా కదులుతుంది, మనం లేవమనేదాకా ఆ పిల్ల లేవదు. ఆ ఊరి మనుషులు నాకు అర్థమైంది అక్కడే. సీన్లలో వాళ్లని చూశాను, గదుల్లో వాళ్లని తెలుసుకున్నాను.

కేట్ గదే చూడండి. కర్టెన్లు వేసి చీకటిగా ఉంటుంది. ఒక మూల వయొలిన్, బోనులో కుందేలు, అద్దం మీద కప్పేసిన గుడ్డ. అద్దం మీద గుడ్డ ఎందుకు కప్పిందో ఒక్క డైలాగూ చెప్పదు. తన మొహం తాను చూసుకోలేని స్థితిలో ఒక అమ్మాయి ఉంది అని ఆ గుడ్డ చూసి మనమే అనుకోవాలి. అనుకున్నాక అక్కడి నుంచి వెంటనే వెళ్లబుద్ధి కాదు, ఇంకేముందో చూడాలనిపిస్తుంది, అలా చూస్తుంటేనే ఆ బైబిల్ వాక్యం కంటపడుతుంది. డాబా మీద గేమ్ అడిగింది పరీక్ష ప్రశ్న కాదు, "నువ్వు నన్ను చూశావా?" అని కేట్ అడుగుతోంది. మోసం అన్నాడు మావాడు. నాకు తెలిసి ఒక గేమ్ నాతో ఇంత నిజాయితీగా ఇంకెప్పుడూ ప్రవర్తించలేదు.

సీసాల సంగతి

ఇంత చెప్పాక ఎవరైనా వెంటనే అడిగేది ఒకటుంది: మరి ఆ ఐదు సీసాల మాటేంటి?

న్యాయమైన ప్రశ్న. అదే రెండో ఎపిసోడ్‌లో క్లోయీ తుపాకీ కాల్చడానికి తుక్కు యార్డులో ఐదు ఖాళీ సీసాలు వెతికి తెమ్మంటుంది. తేకపోతే కథ కదలదు. నాలుగు దొరికి ఐదోది దొరక్క ఆ తుప్పు కార్ల మధ్య నేను తిరిగిన తిరుగుడు ఇప్పటికీ గుర్తుంది, నా చిరాకు కూడా. ఫ్యాన్స్ ఈ సీన్‌ని పేరు పెట్టి మరీ తిడతారు. చాలా ఏళ్లు నేనూ వాళ్లతోనే ఉన్నాను.

రెండోసారి ఆడినప్పుడు మాత్రం మనసు సగం మారింది. ఆ యార్డు రేచల్, క్లోయీ ఇద్దరూ చేరి కబుర్లు చెప్పుకున్న చోటు, వాళ్ల రాతలు ఆ గోడల మీద ఉంటాయి. నాలుగో ఎపిసోడ్‌లో రేచల్ శవం బయటపడేది కూడా అక్కడే. మనం సీసాల కోసం తిరిగిన నేల కిందే ఆ అమ్మాయి ఉంది. క్లోయీ చేతులతో మట్టి తవ్వుతుంటే అది నాకు తెలియని చోటు కాదు, ఏ కారు పక్కన ఏముందో తెలిసిన చోటు. ఆ సీన్ అంతగా తగలడానికి ఆ సీసాల తిరుగుడు కూడా కారణమని ఒప్పుకోవాలి.

సగమే మారిందని ఎందుకన్నానంటే, ఐదు తెమ్మని లెక్క చెప్పగానే నా కళ్లు సీసాల కోసమే చూశాయి. గోడ మీద రాతలు మొదటిసారి నాకు కనబడనే లేదు. రేచల్ రాసిన మాట పక్కనే నిలబడి, ఇక్కడ సీసా లేదు అనుకుని వెళ్లిపోయాను. కేట్ గదిలో నన్నెవరూ ఏమీ తెమ్మనలేదు కాబట్టి అన్నీ చూశాను. కాబట్టి సీసాల విషయంలో ఫ్యాన్స్ కోపం సరైనదే, కానీ తప్పు తిప్పడంలో లేదు, తిప్పి లెక్క అడగడంలో ఉంది. ఎపిసోడ్‌కి పది ఫొటోలు అన్న లెక్కతో కూడా నాకు ఇదే పేచీ. జాబితా చేతికిచ్చాక మనిషి ఊరు చూడటం మానేసి టిక్కులు పెట్టుకుంటాడు.

నడక తీసేస్తే ఏమవుతుందో ముందే చూశాం

ఎపిసోడ్ల గేమ్‌లకి మళ్లీ ఊపు తెచ్చింది 2012లో టెల్‌టేల్ వాళ్ల వాకింగ్ డెడ్. మొదటి సీజన్‌లో మందుల షాపులో అటూ ఇటూ తిరుగుతూ అక్కడ దాక్కున్న ఒక్కొక్కరితో మాట్లాడతాం, పనిచెయ్యని రేడియోలో బ్యాటరీలు పెడతాం. ఏమీ లేని పనులే. కానీ తర్వాత వాళ్లలో ఒకర్ని మాత్రమే కాపాడే పరిస్థితి వస్తే, మనం కాపాడేది రేడియో పట్టుకుని కూర్చున్న ఆ మనిషిని, తెరమీది బొమ్మని కాదు. పజిల్స్, నడక కథకి అడ్డం అన్న విమర్శ అప్పుడూ ఉంది. తర్వాత వచ్చిన వాళ్ల గేమ్‌లలో నడక తగ్గుతూ తగ్గుతూ, మాట ఎంచుకోవడం, బటన్ నొక్కడం, ఈ రెండే మిగిలాయి. నేను మధ్యలో వదిలేశాను, నాలాగే చాలామంది వదిలేశారు. 2018 సెప్టెంబర్‌లో ఆ కంపెనీ ఉద్యోగుల్లో ఎక్కువమందిని ఒక్కసారిగా తీసేసి మూతపడే స్థితికి వచ్చింది, చివరి సీజన్ సగంలో ఉండగా. స్కైబౌండ్ అనే ఇంకో కంపెనీ వాళ్లు తీసుకుని 2019 మార్చికి పూర్తి చేశారు. మూతపడటానికి నడక తీసెయ్యడమే కారణం అనను, వ్యాపారం లెక్కలు వేరే ఉంటాయి. కానీ ఆ కథల్లోని మనుషులు రాను రాను నాకు ఎందుకు అంటలేదో మాత్రం నాకు తెలుసు.

ఎపిసోడ్‌కీ ఎపిసోడ్‌కీ మధ్య విరామం గురించి కూడా ఒక మాట. 2015లో రెండేసి, మూడేసి నెలలు ఆగాల్సి వచ్చేది. ఆ విరామంలో ఫ్యాన్స్ చేసిందేంటి? వెనక్కి వెళ్లి గదులు మళ్లీ తిరిగారు. రేచల్ మాయమవడం వెనక దోషి ఎవరో తేల్చడానికి ప్రతి పోస్టర్, ప్రతి చీటీ గాలించారు. నాకు ఆ విరామం వేరేలా వచ్చింది, మిగిలిన నాలుగు ఎపిసోడ్లు కొనడానికి నా దగ్గర కార్డు లేక మూడు నెలలు పట్టింది, ఆ మూడు నెలలూ మొదటి ఎపిసోడ్‌లోనే తిరిగాను, హాస్టల్ కారిడార్‌లో ఏ తలుపు ఎవరిదో చూడకుండా చెప్పగలిగేవాణ్ని. తిరగడం దండగ అని తిట్టేవాళ్లు కూడా, ఆగాల్సి వచ్చినప్పుడు చేసింది తిరగడమే.

తిత్లీ తర్వాతి పొద్దు

ఇప్పుడు ఐదో ఎపిసోడ్. పీడకల సీన్ల నిండా కారిడార్లు, దాక్కుని దాక్కుని వెళ్లే దారులు. అందులో పాత మాటలు, పాత మనుషులు నీడల్లా వస్తారు, కొన్ని బాగానే భయపెడతాయి కూడా. కానీ ఆగి చూసే చోటు దాదాపు లేదు. ఒక్కటే మినహాయింపు. తుఫానులో డైనర్ వైపు వీధిలో నడిచే సీన్. దారిలో మంటల్లో, శిథిలాల్లో చిక్కుకున్నవాళ్లు కనబడతారు, ఆగి సాయం చెయ్యొచ్చు, చెయ్యకుండా వెళ్లిపోవచ్చు. నా దృష్టిలో ఆ ఎపిసోడ్‌లో అన్నిటికంటే మంచి భాగం అదే, అదీ కొద్ది నిమిషాలే.

ఆ తర్వాత లైట్‌హౌస్ దగ్గర ప్రశ్న. ఊరిని వదులుకుని క్లోయీని ఎంచుకుంటే ఏం చూపిస్తారు? ఇద్దరూ ట్రక్కులో కూర్చుని కూలిపోయిన ఊరి మధ్య నుంచి వెళ్లిపోతారు. కిటికీలోంచి అదీ ఇదీ కనబడుతుంది. కాసేపట్లో అయిపోతుంది. ఇది ఊరిని ఎంచుకునే రెండో ముగింపు కంటే పొట్టిగా ఉందని, క్లోయీని ఎంచుకున్నవాళ్లకి అన్యాయం చేశారని ఫ్యాన్స్ అప్పటి నుంచీ గొడవ పడుతున్నారు. నిడివి గొడవ కాదు నాది. బండి ఎందుకు ఆపలేదు అన్నది నా ప్రశ్న.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాలో, అవతల శ్రీకాకుళం జిల్లాలో అది ఏం చేసిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ రాత్రి మేం తలుపుకి బల్ల అడ్డం పెట్టి కూర్చున్నాం. వర్షం తగ్గాక బయటికొస్తే మా సందు మధ్యలో నీలం రంగు రేకు ఒకటి పడి ఉంది. ఒక అంచు వంగిపోయి, మసి పట్టి ఉంది. దాన్ని చూడగానే అది మెయిన్ రోడ్డు మీద పకోడీల బండి పైకప్పు అని నాకు తెలిసిపోయింది. రోజూ సాయంత్రం ఆ మసి కిందే నిలబడి తినేవాణ్ని. బండి ఉండే చోటికీ మా సందుకీ మధ్య మూడు వీధులున్నాయి. కొత్తవాడు ఎవరైనా వస్తే వాడికి అది రోడ్డు మీద పడ్డ ఒక రేకు. నాకు అది పడి ఉన్న తీరు చూస్తే గాలి ఎటు నుంచి వచ్చిందో, ఆ మూడు వీధుల్లో ఏమై ఉంటుందో అర్థమై కాళ్లు వణికాయి.

ఆ రోజంతా నడిచాను. ఏ పనీ లేదు, ఎవరూ పిలవలేదు. ఏ చెట్టు పడింది, ఎవరి గోడ నిలిచింది, అందరూ బతికే ఉన్నారా అని ఇంటింటికీ వెళ్లి చూశాను. రెండు రోజుల తర్వాత ఉద్దానంలో మా పిన్నిగారి తోటకి వెళ్తే కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా నేల మీద ఉన్నాయి. పిన్ని ఒక్కో చెట్టు దగ్గర ఆగి, ఇది మీ బాబాయి వేసింది, ఇది నీ చెల్లెలు పుట్టిన ఏడు వేసింది అంటూ తోట చివరిదాకా నడిపించింది. అంతా చూపించేదాకా కూర్చోలేదు.

కరెంటు వచ్చాక కొన్ని వారాలకి ఆ గేమ్ మళ్లీ ఆడాను, మళ్లీ ఊరినే వదులుకున్నాను, ట్రక్కు కదిలింది. అప్పుడు నాకు వచ్చిన కోపం ముందెప్పుడూ రాలేదు. నాలుగు ఎపిసోడ్లు ఆ డైనర్‌లో ఏ బల్ల ఎక్కడుందో చూపించిన గేమ్ ఇది. మ్యాక్స్ గదిలో కుండీకి నీళ్లు పొయ్యనిచ్చిన గేమ్ ఇది. ఆ ఊరే పోయాక మ్యాక్స్‌ని కిందికి దించి ఒక్క పది నిమిషాలు నడవనిచ్చి ఉంటే, కొత్త ముగింపులు ఏవీ రాయక్కర్లేదు. మనం చేసిన పనులన్నీ ఆ వీధిలోనే కనబడేవి. ఎవరి గుమ్మం ముందు ఆగాలో మనకి తెలుసు. ఏ గుమ్మం ముందు ఆగడానికి ధైర్యం చాలదో కూడా తెలుసు.

అలాంటి సీన్ తయారుచెయ్యడానికి ఖర్చవుతుంది, కూలిన ఊరిని కొత్తగా గీయాలి, చివరి ఎపిసోడ్‌కి డబ్బూ టైమూ ఎప్పుడూ తక్కువే పడతాయి అని ఎవరైనా అంటే కాదనలేను. ఈ గేమ్ చేసిన డోంట్‌నాడ్ అప్పటికి చిన్న స్టూడియోనే. అయినా పీడకల కారిడార్లకి పెట్టిన శ్రమలో కొంత ఆ వీధికి పెట్టి ఉండాల్సిందని నా మనసు గట్టిగా చెబుతుంది. లైఫ్ ఈజ్ స్ట్రేంజ్ 2 ఎపిసోడ్‌కో ఊరు చొప్పున రోడ్డు మీదే సాగిందని కొందరికి నచ్చలేదు, నాకైతే దాని మీద ఫిర్యాదు లేదు, ఇల్లు వదిలి పారిపోయే అన్నదమ్ముల కథ అది, వాళ్లకి తిరిగి వచ్చే చోటు లేకపోవడమే ఆ కథ. ఆర్కేడియా బే కథ అలాంటిది కాదు.

మావాడు మూడో ఎపిసోడ్ నుంచి వాక్‌త్రూ ఆపేశాడు. నేను చెప్పలేదు, కేట్ పోయిన రాత్రి తర్వాత వాడే ఆపాడు. ప్రతి గదిలో నా కంటే ఎక్కువసేపు ఉన్నాడు, అక్క భోజనానికి పిలిచినా లేవలేదు. సెలవుల చివరి రాత్రి ఐదో ఎపిసోడ్ ముగించాడు. క్లోయీనే ఎంచుకున్నాడు. ట్రక్కు కూలిన ఊళ్లోకి వచ్చింది. అది మనం ఆడే సీన్ కాదని, అంతా దానంతటదే నడుస్తుందని వాడికి తెలుసు. అయినా వాడి ఎడమచేతి వేలు నడక బటన్ మీద ఉంది, డైనర్ ఉండాల్సిన వైపు చూస్తూ దాన్ని నొక్కుతూనే ఉన్నాడు, పేర్లు మొదలయ్యేదాకా.